వంక పక్క ఆకుల తోట అంగడి, అనంతపురం: ఏడు నెలలుగా కొంటున్నా, నాకు తెలిసింది చెప్తా

ముందే చెప్తున్నా, ఈ అంగడికి బోర్డు లేదు, ఫోన్లో మ్యాప్ పెట్టి వెతికితే దొరకదు. అనంతపురంలో నడిమి వంక వెంబడి ఉండే కాలనీల్లోకి పోయి ‘ఆకుల తోట యాడుంది’ అని అడగండి, చిన్నపిల్లోల్లు కూడా చూపిస్తారు. పది పన్నెండు మంది సంఘం ఆడోళ్ళు కలిసి కాలనీ మధ్యలో ఊరికే పడి ఉన్న ఖాళీ జాగాలో ఆకుకూరలు, కూరగాయలు పండించి పొద్దున పూట అక్కడే అమ్ముతారు, నారు ఇస్తారు, ఎరువు ఇస్తారు, పిలిస్తే మనింటికొచ్చి మిద్దె మీద తోట కూడా పెట్టి పోతారు. నేను అన్నీ వాడినా, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఆ పక్క స్కూల్లో టీచర్ని కాబట్టి ఆ జాగా ముందు ఎట్లుండేదో నాకు బాగా తెలుసు. పడగొట్టిన ఇండ్ల ఇటుక ముక్కలు, కవర్లు, పందులు, మనిషి నడుము దాకా వయ్యారిభామ. 2022 అక్టోబరులో వంక పొంగి కాలనీలు మునిగినాయి కదా, అప్పుడు ఇండ్లల్లోంచి ఎత్తిన బురద, నానిపోయిన పరుపులు అన్నీ తెచ్చి ఈడనే కుప్ప పోసినారు, ఏడాది పైన అట్లే ఉన్నాయి. కాలనీలో కిరాణా అంగళ్ళు ఉన్నాయి గానీ ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, మెత్తబడిన టమోటాలు తప్ప ఇంకేం ఉండేవి కావు, ఆకు కావాలంటే ఆటో ఎక్కి రైతు బజారుకు పోవాల్సిందే, పోను రాను ఆటోకే నలభై అయితే పది రూపాయల పాలాకు కోసం కూలికి పోయే మనిషి ఎందుకు పోతుంది చెప్పండి. స్కూల్లో పిల్లలకు వారానికొకసారి ఐరన్ మాత్రలు ఇస్తాం, ఇచ్చేటప్పుడు ఆకుకూరలు బాగా తినాలమ్మా అని చెప్తాం. ఒకరోజు ఎనిమిదో తరగతి పాప లేచి ‘యాడ దొరుకుతాయి మేడం’ అని అడిగింది. నాకు చెప్పడానికి ఏమీ లేకపోయింది, ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

సరే, సరుకు సంగతి. సిర్రాకు, పాలాకు, మెంతాకు, చుక్కాకు, గోంగాకు దాదాపు రోజూ ఉంటాయి, కట్ట పది రూపాయలు, కట్ట అంటే మార్కెట్లో మాదిరి నాలుగు కాడలకు రబ్బరు బ్యాండు వేసింది కాదు, పిడికిట్లో పట్టనంత. వేర్లకు మట్టి ఇంకా తడిగానే ఉంటుంది. పొద్దున కోసిన సిర్రాకు సాయంత్రం వండినా వాడిపోలేదు, ఫ్రిజ్ లేని ఇండ్లకు అది ఎంత మేలో వేరే చెప్పాల్నా. ఆదివారం పుల్లగూరకని నాలుగైదు రకాల ఆకు కలిపి ఒక కట్ట చేసి పెడతారు, ఇది ఎవరి ఆలోచనో గానీ వాళ్ళకు దండం పెట్టాలి, దాంట్లో రెండు పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు వేసి ఉడికించి ఎనిపితే సంగటిలోకి ఇంకేమీ అక్కర్లేదు. వంకాయలు, మటిక్కాయలు (గోరుచిక్కుడు), బెండకాయలు సీజన్లో బాగుంటాయి, వంకాయల్లో అప్పుడప్పుడు పురుగు వస్తుంది, చెప్పి ఒకటి ఎక్కువే వేస్తారు. టమోటా మాత్రం నేను మెచ్చుకోను, చిన్నవి, తోలు మందం. కొత్తిమీర ఎండ ముదిరితే రెండు వారాలకే పూతకు వచ్చేస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో సగం మళ్ళు ఖాళీగానే ఉంటాయి, ఆ రెండు నెలలు నేను కూడా రైతు బజారుకే పోయినా.

నాకు అన్నింటికంటే నచ్చింది నీళ్ళ ఏర్పాటు. మన జిల్లాలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మనదీ ఒకటి అని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం కదా, మరి తోట ఎట్ల చేస్తారని నాకు మొదట్నుంచీ అనుమానమే. జాగా పక్కనే వీధి కొళాయి ఉంది, నీళ్ళు వదిలినప్పుడు వంద బిందెలు వరసలో ఉంటాయి, బిందె మార్చేటప్పుడు పొర్లిపోయే నీళ్ళు ఇంతకుముందు రోడ్డు మీద బురద అయ్యేవి. వీళ్ళు కొళాయి గట్టు చుట్టూ చిన్న కాలవ కట్టి ఆ నీళ్ళన్నీ ఒక తొట్టిలోకి పట్టినారు, ఆకుమళ్ళకు ఆ నీళ్ళే. బట్టలుతికిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు వేరే గుంతలోకి పోతాయి, కింద కంకర, మధ్యలో బొగ్గు, పైన ఇసుక, దాటినాక మెట్టతామర దుబ్బుల్లోంచి అరటి చెట్లకు. ఆ సోపు నీళ్ళు ఆకుకూరలకు మాత్రం పెట్టరు, నేను రెండు మూడు సార్లు వేరేవేరే మనుషుల్ని అడిగి చూసినా, అందరూ ఒకటే మాట చెప్పినారు, అప్పుడు నమ్మకం కుదిరింది. షెడ్డు మీద రేకులు ఒక పక్కకు వాల్చి కింద డ్రమ్ములు పెట్టినారు, పదికి పది అడుగుల రేకుల మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 90 లీటర్ల దాకా వస్తాయి, నేనే లెక్కేసి మా ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కల పీరియడ్లో చెప్పినా. ఇంక వంగ, మిరప చెట్ల మధ్య మట్టి కుండలు మెడ దాకా పాతి ఉంటాయి, కుండ నింపి మూత పెడితే నీళ్ళు మెల్లగా ఊరి వేర్లకు అందుతాయి, రెండు మూడు రోజులకొకసారి నింపితే చాలంట.

మట్టి గురించి కూడా చెప్పాలి. ఆ జాగాలో ఏమేం పారేసినారో ఎవరికీ తెలీదు, అందుకే నేల తవ్వి విత్తనం వేయలేదు, ఏరిన ఇటుక ముక్కలతోనే మోకాలి ఎత్తు గట్లు కట్టి, చెరువు మట్టి, పశువుల ఎరువు బయట నుంచి తెచ్చి నింపినారు. పైన చెనిక్కాయ పొట్టు పరిచినారు, మన ఊర్లో మిల్లుల దగ్గర దానికి కొరత లేదు కదా, తేమ నిలబడుతుంది, కలుపు తక్కువ. మందులు కొట్టరు. జీవామృతం డ్రమ్ము షెడ్డు వెనకాల ఉంటుంది, 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మంచి మట్టి, మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ వాళ్ళు పల్లెల్లో నేర్పిస్తున్న ప్రకృతి వ్యవసాయం పద్ధతే. వాన ముసురు పట్టినప్పుడు ఆ డ్రమ్ము పక్క ఇండ్లకు వాసన కొడుతుంది, ఈ మాట వాళ్ళతో కూడా చెప్పినా, డ్రమ్ము జరుపుతాం అన్నారు, ఇంకా జరపలేదు.

మిద్దె తోట నేను పెట్టించుకున్నది జనవరిలో. పదిహేను సంచులు, మట్టి, నారు, మోసేదానితో సహా 2,600 అయింది, పెద్ద నర్సరీలో నాకు చెప్పిన రేటులో సగం కూడా లేదు. ఇద్దరక్కలు, ఒక అవ్వ వచ్చినారు. అవ్వ మెట్లెక్కి చూసి ‘పిట్టగోడకు ఆనిచ్చి పెట్టొద్దు తల్లీ, ఎండకు గోడ కాలి వేర్లు ఉడికిపోతాయి’ అని అన్నీ లోపలికి జరిపించింది, సంచుల కింద ఇటుకలు పెట్టించింది, మిద్దె చెమ్మ పట్టకుండా. ఇట్లాంటి మాట ఏ వీడియోలో నాకు కనపడలేదు. ఫిబ్రవరిలో మిరపకు బొబ్బర, అదే ఆకులు ముడుచుకుపోయే తెగులు, వచ్చింది, ఫోన్ చేస్తే ఆదివారం వస్తాం అన్నారు, మూడో ఆదివారానికి వచ్చినారు, అప్పటికి నాలుగు చెట్లు పోయినాయి. కూలి పనులు మానుకుని రాలేరని నాకు తెలుసు, అయినా రాలేమని ఒక మాట ఫోన్లో చెప్పుంటే నేనే వేపాకు కషాయం కొట్టుకునేదాన్ని. పోయిన నాలుగింటికి డబ్బు తీసుకోకుండా కొత్త నారు ఇచ్చినారు.

ఒక సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంటానే ఉంది. ఆ జాగాకు కాగితం లేదు. ఎవరో ఎప్పుడో కొని రేటు పెరుగుతుందని వదిలేసిన ప్లాటు, ఆయన వేరే ఊర్లో ఉంటాడు, ‘కట్టే దాకా పెట్టుకోండి’ అని నోటిమాట చెప్పినాడంట, అంతే. మూడేండ్లకో ఐదేండ్లకో రాసివ్వమని అడిగితే మాట దాటేస్తున్నాడంట. దీని గురించి ఒక ఆఫీసుకు నేనే వాళ్ళ వెంట పోయినా, మూడు సార్లు తిప్పి ఇది మా పని కాదన్నారు. అమెరికాలో డెట్రాయిట్ అని కార్ల ఫ్యాక్టరీల ఊరు ఉంది, 1950లో 18 లక్షల మంది ఉన్న ఊరు 2020 నాటికి ఆరు లక్షల నలభై వేలకు వచ్చింది, జనం వెళ్ళిపోయిన వీధుల్లో ఖాళీ జాగాల్లో అక్కడి వాళ్ళే కూరగాయల తోటలు పెట్టుకున్నారు, 2013లో ఆ ఊరి మున్సిపాలిటీ ఊర్లో వ్యవసాయం చేసుకోవచ్చని రూల్సే రాసింది. సోవియట్ యూనియన్ 1991లో పోయినాక క్యూబాకు ఎరువులు, డీజిల్ రాక హవానాలో చాలా ఖాళీ జాగాలు ఇట్లాగే గట్లు కట్టిన ఆకుమళ్ళు అయినాయి. డెట్రాయిట్‌లో జాగాలు మనుషులు లేక ఖాళీ అయినాయి, మన దగ్గర మనుషులు ఒకరి మీద ఒకరు ఉంటే కూడా జాగాలు రేటు కోసం ఖాళీగా ఉంటాయి, కాబట్టి మన ఆడోళ్ళకు ఆ మాదిరి రాతపూర్వకంగా ఏదో ఒకటి ఇంకా ఎక్కువ అవసరం అని నాకనిపిస్తుంది. వంద బండ్ల మట్టి తలమీద మోసి పోసినారు వాళ్ళు, రేపు పునాది తవ్వితే ఆ మట్టి యాడికి పోతుంది.

పోయేవాళ్ళకు: పొద్దున ఆరున్నరకు మొదలుపెడతారు, ఎనిమిదిన్నర దాటితే పుదీనా, ఎండు కొమ్మలు తప్ప మిగలవు, ఆదివారం అయితే ఏడు లోపలే పోండి, పుల్లగూర కట్టలు ముందు అయిపోతాయి. సంచి తీసుకుపోండి, కవర్లు ఇవ్వరు. ఫోన్ పే ఉంది గానీ ఆ ఫోన్ ఉన్న అక్క కూలికి పోయిన రోజు చిల్లరే ఇవ్వాలి. మన ఇంటి తడి చెత్త, ప్లాస్టిక్ ఏరేసి, బకెట్లో తీసుకుపోతే ఎరువు గుంతలో వేసుకుని ఒక కట్ట ఊరికే ఇస్తారు, నేను వారానికి రెండు బకెట్లు పట్టుకుపోతా. వర్మీ కంపోస్టు కిలో పదిహేను, అది కావాలంటే ముందు రోజే చెప్పి రావాలి.