సోడియం తగ్గించిన ఉప్పు: ఏడు నెలలు వాడాక

బీపీకి మంచిదని మా అబ్బాయి తెచ్చాడు. ఏడు నెలలు పప్పులోకీ, మజ్జిగలోకీ అదే. రుచికి వంక పెట్టలేం. నాకు కిడ్నీ జబ్బు మూడో దశ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో 2.1. చప్పిడి కూడు తిని విసిగిపోయిన నాకు ఆ ప్యాకెట్ వరంలా అనిపించింది. మానేసిన పచ్చళ్లు కూడా ఆ ఉప్పుతోనే మళ్లీ పెట్టించుకున్నాను. కనబడినవాళ్లందరికీ కొనమని చెప్పాను.

ఎనిమిదో నెలలో మామూలుగా చేయించే రక్తపరీక్షలో పొటాషియం 6.2 వచ్చింది. 5 దాటకూడదు. ఒంట్లో నాకేమీ తెలియలేదు, కాళ్లు కాస్త బరువుగా ఉన్నాయంతే. డాక్టరుగారే ఫోన్ చేసి వెంటనే రమ్మన్నారు. గుండె లయ తప్పుతుందేమోనని ఈసీజీ తీసి, ఆ రాత్రి అక్కడే ఉంచారు. పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్లు తాగారా, అరటిపళ్లు తిన్నారా అని అడిగారు. రెండూ మానేసి ఏడాది దాటింది. చివరికి మా ఆవిడని "ఏ ఉప్పు వాడుతున్నారమ్మా?" అన్నారు.

మా అబ్బాయి ఇంటికెళ్లి ప్యాకెట్ ఫొటో పంపాడు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: పొటాషియం క్లోరైడ్. తగ్గించిన సోడియం చోట నింపింది అదే. కిడ్నీలు బాగుంటే ఎక్కువైన పొటాషియం మూత్రంలో పోతుంది, నావి పంపలేవు. పైగా నేను బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచే మందే. ముందువైపు గుండె బొమ్మ అంత పెద్దగా వేసినవాళ్లు, కిడ్నీ రోగులకి ఒక్క మాట అంతే పెద్దగా రాయొద్దా? ఈ కోపం నాకు ఇంకా తగ్గలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పుకి మారమని సలహా ఇస్తూ కిడ్నీ జబ్బున్నవాళ్లని మినహాయించింది కూడా.

రుచికి వంక లేదన్నాను గానీ, మజ్జిగలో నాలుక చివర కొంచెం చేదు తగిలేది. అది పొటాషియం క్లోరైడ్ చేదేనని తర్వాత తెలిసింది.

మా ఆవిడకి బీపీ ఒక్కటే. డాక్టరుగారిని అడిగి తను ఇప్పటికీ అదే వాడుతోంది, తనకి బాగానే ఉంది. నాకు మాత్రం మామూలు ఉప్పే, రోజు మొత్తానికి కొలిచి చిన్న గిన్నెలో పెడుతుంది. పప్పులోకి ఇంగువ పోపు, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం. ఆవకాయ ఆదివారం మాత్రమే, ముక్క లేకుండా వేలితో అద్దుకునేంత. మీ రిపోర్టులు, మందులు వేరు కావచ్చు, కొనేముందు ప్యాకెట్ వెనకవైపు మీ డాక్టరుకి చూపించండి. మా వంటింట్లో ఇప్పుడు రెండు ఉప్పు డబ్బాలున్నాయి. నా దాని మూతకి ఎర్ర దారం కట్టి ఉంటుంది.