పర్లాకిమిడి ఆత్మరక్షణ క్లాసు: చేతి నరాల మీది దెబ్బలు ఎంతవరకు పనికొస్తాయి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆదివారం పొద్దున్న నడిచే ఈ క్లాసుకి సరిహద్దు దాటి ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి కూడా వస్తారు. పాఠం సగం తెలుగు, సగం ఒడియా. మర్మస్థానాలు అనగానే ఒక్క వేలితో మనిషిని పడగొట్టే విద్య అనుకుని వచ్చేవాళ్లకి మొదటి వారమే నిరాశ. గోడ మీద సుశ్రుతుడి 107 మర్మాల పటం వేలాడుతోంది, ఒక్కో చేతికి 11 గుర్తులతో. మాస్టారు మాత్రం దెబ్బకి పనికొచ్చే చోట్లు చేతిలో రెండే అంటారు. ఈ క్లాసుకి మార్కులు పడేది అక్కడే.

ఎక్కువ సమయం ముంజేతికే. ఎదుటివాడు మన మణికట్టునో చొక్కానో పట్టుకున్నప్పుడు వాడి చెయ్యి కదలకుండా దొరుకుతుంది. గురి కుదిరేది అప్పుడే. మోచేతి మడత నుంచి మణికట్టు వైపు మూడు వేళ్ల వెడల్పు దిగి, బొటనవేలి పక్కన ఉబ్బెత్తుగా ఉండే కండ మీద కొట్టాలి. దాని అడుగున రేడియల్ నరం కొమ్మలు పోతాయి. వేళ్ల కణుపులతో వద్దు. గురి అంగుళం తప్పి మోచేతి ఎముకకి తగిలితే చిటికెన వేలి వెనక ఎముక విరిగేది మనకే. పిడికిలి అడుగు భాగంతో, కరాటేలో టెట్సుయి అంటారే ఆ దెబ్బతో, కండని వాడి ఎముకకేసి నొక్కేలా ఏటవాలుగా లోపలికి కొట్టాలి. తగలగానే చెయ్యి వెనక్కి లాక్కుంటే బలమంతా పైపైనే పోతుంది. అరచేతి వైపు మెత్తటి కండ మీద పడ్డా అంతే.

పట్టు ఎందుకు సడలుతుందో చెప్పే తీరు బాగుంది. పిడికిలి గట్టిగా బిగియాలంటే మణికట్టు కాస్త వెనక్కి వంగి ఉండాలి. అలా నిలబెట్టే కండరాలు రేడియల్ నరం చెప్పినట్టు నడుస్తాయి. మణికట్టు ముందుకి వాలిందా, వేళ్ల బిగువు పోతుంది. మణికట్టు పూర్తిగా ముందుకి వంచి పెన్ను గట్టిగా పట్టుకోమంటారు. ఎవరికి వాళ్లకే తెలిసిపోతుంది. పట్టు సడలిన ఆ క్షణంలో వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య సందులోంచి మన చెయ్యి లాగేసి, పక్కకి రెండడుగులు వేసి, పరుగు. లాగడం, పరుగు లేని దెబ్బని ఇక్కడ లెక్కలోకి తీసుకోరు. దెబ్బ దగ్గరే ఆగిపోయే క్లాసులతో పోలిస్తే ఇది చాలా మేలు.

రెండోది జబ్బ వెలుపలి పక్క: భుజం కండ ముగిసే చోట, కాస్త వెనక్కి. అక్కడ అదే నరం ఎముకని ఆనుకుని చుట్టు తిరుగుతుంది. సరిగ్గా పడితే కింది దాకా జివ్వుమని చెయ్యి కాసేపు బరువెక్కుతుంది, లేకపోతే కమిలిన మచ్చ మిగులుతుంది. కండలు తిరిగినవాడి మీద, తాగి ఉన్నవాడి మీద, కోపంతో ఊగిపోయేవాడి మీద దీన్ని నమ్ముకోకూడదు.

మోచేతి లోపలి గాడిలో ఉండే నరం గురించి అందరూ అడుగుతారు, తగిలితే షాక్ కొట్టినట్టుంటుంది కాబట్టి. గురి మరీ చిన్నది, పైగా ఒంటి వైపు దాగి ఉంటుంది. మాస్టారు వద్దంటారు, సరైన మాటే. వచ్చే గుద్దుని నరం చూసి ఆపడం సినిమాలకి వదిలేయండి.

లోపాలూ ఉన్నాయి. సాధనంతా పొట్టి చేతుల టీషర్టుల మీదే. డిసెంబరులో మహేంద్రగిరి వైపు ఊళ్లలో స్వెటర్, దాని మీద శాలువా ఉంటాయి. అంత మందం గుడ్డలోంచి దెబ్బ దిగదు. ఎండాకాలం చెమటకి పిడికిలి జారుతోందని తువ్వాలుతో చేతులు తుడిపిస్తున్నారు. బయట ఎవడూ తుడుచుకుని రాడు కదా!

జాగ్రత్తల్లో సగం మార్కులే. జోడీ సాధనలో నాలుగో వంతు బలం దాటొద్దని చెబుతారు గానీ, ఒకే చేతి మీద వరసగా పడుతున్నా మార్పించరు. మూడు దెబ్బలకోసారి చెయ్యి మార్చాలి. తెగిన నరం పోగు తిరిగి పెరగడం రోజుకి సుమారు 1 మిల్లీమీటరే. మర్నాటికీ తిమ్మిరి పోకపోయినా, మణికట్టు పైకి లేవకపోయినా డాక్టరుకి చూపించాలి. ముంజెయ్యి గట్టిగా బిగుసుకుని వాచి, వేళ్లు చాపితే నొప్పి ఎక్కువవుతుంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఈ భాగం చూడ్డం వరకే. చేరేటప్పుడు ఆ సంగతి అడిగే కాగితమే ఇక్కడ లేదు.

చట్టం ఊసు కూడా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. అవసరానికి మించిన హాని అందులోకి రాదు. పట్టు వదిలేశాక ఇంకో దెబ్బ వేయబోయేవాళ్లకి ఇది ముందే తెలియాలి.

చిన్నపిల్లలకి ఈ దెబ్బలు వద్దు, వాళ్ల ఎముకల చివర్లు ఇంకా పెరుగుతుంటాయి. చెయ్యి విడిపించుకోవడం వరకు నేర్పమని అడగండి, నేర్పుతారు. కాలేజీ అమ్మాయిలకి, రాత్రి డ్యూటీలు చేసే నర్సులకి మొదటి నెల పాఠం సరిపోతుంది. ఆ తర్వాత మొదలయ్యే కర్రసాముకి ఫీజు వేరు, చేరేముందే అడిగి తెలుసుకోండి.