ఏసీ ఏ గోడకి? ఆరేళ్ల వాడకం తర్వాత

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, 12×11 బెడ్‌రూము, ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ. చల్లదనానికి వంక లేదు. నా కోపమంతా నీళ్లు పోయే పైపు మీదే.

గాలి నేరుగా మంచం మీద కొట్టకూడదని లోపలి గోడకి బిగించాం. నేల నుంచి ఏడున్నర అడుగుల ఎత్తు, సీలింగుకి అరడుగు ఖాళీ. నిద్రకి అంత హాయి ఇంకో చోట రాదు. కానీ డ్రెయిన్ పైపు బయటి గోడ చేరాలంటే అడ్డంగా నాలుగు మీటర్లు నడవాలి.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌ది పొడి ఎండ. గాలిలో తేమ తక్కువ, ఏసీ లోపల చల్లబడే కాయిల్ మీద పట్టే నీళ్లూ తక్కువే. పైపు ఎంత వంకరగా ఉన్నా ఆ లోపం బయటపడదు. జూలైలో ముసురు పట్టాక రాత్రంతా వేస్తే ఇండోర్ యూనిట్ ఎడమ మూల నుంచి చుక్క చుక్కగా కారడం మొదలైంది. వారానికల్లా పుట్టీ ఉబ్బి, పెయింటు పొరలుగా లేచింది. వచ్చిన మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నారు, ఫిల్టర్లు కడిగి వెళ్లారు. కారడం ఆగలేదు.

పైపు మీది కేసింగ్ విప్పి, వాలు చూసే స్పిరిట్ లెవెల్ పెడితే తెలిసింది. మధ్యలో క్లాంపు లేక ముడతల పైపు కిందికి జారి, మళ్లీ పైకెక్కుతోంది. ఆ పల్లంలో నీళ్లు నిలిచి, దుమ్ము చేరి, నల్లటి జిగురు పట్టింది. పోయే దారి లేక నీళ్లు వెనక్కి తన్ని, కాయిల్ కింద నీళ్లు పట్టే ట్రే నిండి గోడ మీదికి కారాయి.

ముడతల పైపు తీసేసి 25 మి.మీ. గట్టి పీవీసీ పైపు వేయించాం. మీటరుకి ఒక సెంటీమీటరు వాలు ఉండి తీరాలి. దూరం ఎక్కువని మేం రెండు ఇచ్చాం. రెండడుగులకో క్లాంపు, గోడ రంధ్రం బయటివైపు కిందికి వాలి ఉండాలి. గదిలో నడిచే డ్రెయిన్ పైపుకి కూడా ఫోమ్ తొడుగు వేయకపోతే దానికీ చెమట పడుతుంది. పైపు కొస బకెట్ నీళ్లలో మునగకూడదు, ఇది చాలా ఇళ్లలో చేసే తప్పు.

అవుట్‌డోర్ యూనిట్ బాల్కనీ సజ్జ కింద ఉంది, ఇబ్బంది లేదు. అపార్టుమెంటు మధ్యలో నిలువునా వదిలే ఇరుకు ఖాళీలో, అదే షాఫ్టులో, మాత్రం పెట్టించకండి. కింది అంతస్తుల యూనిట్ల వేడిగాలంతా పైదానికే తగులుతుంది.

అయితే లోపలి గోడ తప్పా అంటే, మాకు కాదు. మా గదిలో బయటి గోడంతా కిటికీ, కప్‌బోర్డులే. మంచం జరిపే వీలున్న గదిలోనైతే బయటి గోడకే పెట్టించేవాణ్ని. అక్కడ డ్రెయిన్ అడుగు దూరంలో బయటపడుతుంది, రెండు యూనిట్లను కలిపే రాగి పైపూ తక్కువే పడుతుంది.

ఎక్కడ బిగించినా ఫిట్టర్ వెళ్లకముందే ఒక పని చేయించండి. మెయిన్ ఆపి, ఫిల్టర్లు తీసి, కాయిల్ మీద మెల్లగా లీటరు నీళ్లు పోయించండి. బయట మగ్గు పెట్టి పట్టండి. దాదాపు అంతా, ఆగకుండా రావాలి. మేం ఏటా జూన్ మొదటి వారంలో ఇదే చేస్తున్నాం.