సీపాప్ మిషనా, దవడ పరికరమా?

నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియాకు రెండూ పనిచేస్తాయి. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సల్లివాన్ బృందం పరిచయం చేసిన సీపాప్, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో దానిదే పైచేయి. కానీ పెట్టుకుంటేనే కదా! 2016లో వెలువడిన 'సేవ్' అధ్యయనంలో గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న 2,700 మందికి పైగా పాల్గొన్నారు. సీపాప్ ఇచ్చినవాళ్లు రాత్రికి సగటున 3.3 గంటలే వాడారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి తగ్గలేదు.

కింది దవడను ముందుకు జరిపే పరికరం ప్రభావం కొంత తక్కువ. అయినా ఎక్కువ గంటలు ఉంచుకోగలుగుతారు. పళ్ల వరుస కాస్త మారొచ్చు.

జబ్బు తీవ్రంగా ఉంటే నా ఓటు సీపాప్‌కే. మాస్కుతో నిద్రే పట్టనివాళ్లు మాత్రం చికిత్స మానేయకుండా దవడ పరికరం గురించి డాక్టర్‌ని అడగాలి.