కొండదారుల్లో సైకిల్ తొక్కడానికి ఏ షార్ట్స్ మేలు?

కొండదారి సైకిల్ కొనేటప్పుడు ఫ్రేము, టైర్లు, బ్రేకుల గురించి నెలల తరబడి ఆలోచించేవారు సైతం, ఒంటిమీది షార్ట్స్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఉన్నదేదో చాలులే అనుకుంటారు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో మొదటి ఏడాది నేనూ మామూలు నూలు షార్ట్స్‌తోనే తిరిగాను. మూడు గంటల సవారీ తరువాత తొడల లోపలి భాగం ఒరుసుకుపోయి, రెండు రోజులు సరిగా నడవలేకపోయాను. నూలు బట్ట చెమటను పీల్చుకుని తనలోనే నిలుపుకుంటుంది. తడిసిన బట్టా, కాళ్ల సందున నాలుగు కుట్లు కలిసేచోట ఉండే ముడీ కలిసి చర్మాన్ని గీరుతాయి. 1970లలో కాలిఫోర్నియాలోని టామల్‌పైస్ కొండమీద ఈ ఆటను మొదలుపెట్టినవారు జీన్స్ వేసుకునే దిగేవారన్నది నిజమే. అయితే వారిది ప్రధానంగా పల్లానికి దిగే సవారీ, మనమో ఎక్కుతాం, దిగుతాం, మళ్లీ ఎక్కుతాం. కనుక నూలును పక్కనపెట్టి, నిజంగా పోల్చదగిన మూడు రకాలను చూద్దాం.

మొదటిది ఒంటికి అతుక్కుని ఉండే లైక్రా షార్ట్స్. తొక్కుతున్నంతసేపూ కూర్చునేచోట లోపల ఉండే మెత్తటి ప్యాడ్ కదలకుండా ఉండాలంటే దీన్ని మించినది లేదు. భుజాలమీదుగా పట్టీలు ఉండే రకమైతే నడుము దగ్గర బిగుతు ఉండదు, ముందుకు వంగినప్పుడు పొట్ట నొక్కుకుపోదు. 1996 అట్లాంటా నాటి నుంచీ ఒలింపిక్స్‌లో ఉన్న కొండదారి సైకిల్ క్రాస్‌కంట్రీ పోటీల్లో క్రీడాకారులు ఇలాంటి బిగుతు దుస్తులనే ఎంచుకుంటారు. ఎక్కుడు ఎక్కువగా ఉండే ఆ పోటీల్లో అనవసరమైన గుడ్డ భారమే అవుతుంది. కానీ అనంతగిరి బాటల్లో రేగు, తుమ్మ కొమ్మలు రెండు పక్కలనుంచీ తొడలను తాకుతుంటాయి. ముల్లు తగిలితే లైక్రా దారం లేచిపోతుంది, ఎర్రమట్టి గులకమీద ఒక్కసారి జారిపడితే తుంటి దగ్గర చిరిగిపోతుంది. పైగా పట్టీల రకంలో మూత్రవిసర్జనకు వెళ్లాలంటే చాలావరకు పైచొక్కా విప్పవలసి వస్తుంది. అడవి దారుల్లో తిరిగే స్త్రీలకు ఇది చిన్న ఇబ్బంది కాదు.

రెండవది ప్యాడ్‌ను లోపలే కుట్టేసిన వదులు షార్ట్స్. ఒకే వస్తువు కొంటే పని అయిపోతుందని చాలామంది దీనివైపు మొగ్గుతారు. నా అభిప్రాయంలో మాత్రం మూడింటిలో దీర్ఘకాలానికి నష్టం తెచ్చేది ఇదే. పైగుడ్డ కాలితోపాటు కదిలినప్పుడల్లా ప్యాడ్‌నూ లాగుతుంది, ఒరిపిడి అక్కడే మొదలవుతుంది. ఉతికిన తరువాత, ముఖ్యంగా వానాకాలంలో, ఆరడానికి చాలాసేపు పడుతుంది. పైగుడ్డ ఇంకా గట్టిగా ఉండగానే ప్యాడ్ నలిగి పలచబడిపోతుంది, అప్పుడు మొత్తం పారేయక తప్పదు.

మూడవది లోపల ప్యాడ్ ఉన్న పలుచని లైనర్, అంటే ఒంటికి అతుక్కునే లోపలి షార్ట్స్, దానిపైన విడిగా వదులు షార్ట్స్. నేను కొన్నేళ్లుగా వాడుతున్నది ఇదే, కొండదారులకు కొత్తగా వచ్చేవారికి సిఫారసు చేసేదీ ఇదే. లైనర్ చర్మానికి అతుక్కుని కదలకుండా ఉంటుంది, పైది ముళ్ల దెబ్బనూ గులక ఒరిపిడినీ తాను భరిస్తుంది. లైనర్లు రెండు, పైది ఒకటి ఉంటే వరుసగా రెండు రోజులు తొక్కినా ఇబ్బంది ఉండదు, ఎందుకంటే ప్రతి సవారీ తరువాత ఉతకవలసినది ముఖ్యంగా లైనరే.

ప్యాడ్ విషయంలో మందాన్ని చూసి మోసపోకూడదు. మెత్తటి మందపాటి స్పాంజి దుకాణంలో హాయిగా అనిపించినా, గంట గడిచేసరికి శరీర బరువుకు అణిగిపోతుంది. బరువు ఆనేది కూర్చునే ఎముకల రెండింటిమీద కాబట్టి, ఆ రెండుచోట్ల సాంద్రత ఎక్కువగానూ మిగతాచోట పలుచగానూ ఉన్న ప్యాడ్ మేలు. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే అది వెంటనే పైకి లేవాలి. స్త్రీ పురుషులకు ఆ ఎముకల ఎడం వేరుగా ఉంటుంది కనుక ఒకరిది మరొకరికి సర్దుకోవడం మంచిది కాదు. లైనర్ కింద లోదుస్తులు వేసుకుంటే దాని ప్రయోజనమే పోతుంది. ఈ మాట చెప్పడానికి దుకాణదారులు మొహమాటపడతారు కాబట్టి ఇక్కడ నేరుగా చెబుతున్నాను.

పైషార్ట్స్ గుడ్డలో నైలాన్‌కూ పాలిస్టర్‌కూ మధ్య ఎంపిక ఉంటుంది. పాలిస్టర్ నీటిని దాదాపు పీల్చదు, త్వరగా ఆరుతుంది, ధర తక్కువ. ఒరిపిడికి తట్టుకోవడంలో నైలాన్ ముందుంటుంది. రాళ్లూ ముళ్లూ ఉన్నచోట నేను నైలాన్‌నే ఎంచుకుంటాను, అందులో కొద్దిపాటి సాగే దారం కలిసి ఉంటే మోకాలు ఎత్తినప్పుడు పట్టేయదు. కాళ్ల సందున నాలుగు కుట్లు ఒకేచోట కలవకుండా విడి ముక్క వేసి కుట్టారో లేదో తప్పక చూడాలి. ఆ ముక్క లేకపోతే, సీటుమీదినుంచి లేచి దిగేటప్పుడు సీటు ముక్కు గుడ్డకు తగులుకునే అవకాశం ఉంది, అది పడిపోవడానికే దారితీయవచ్చు. పొడవు మోకాలి చిప్పను తాకేంత ఉంటే, మోకాలి గార్డుకూ షార్ట్స్‌కూ మధ్య చర్మం బయటపడదు. నిలబడి అద్దంలో చూసుకుంటే ఇవేవీ తెలియవు. దుకాణంలోనే సైకిల్ మీద కూర్చున్నట్టు వంగి, ఒక్కో మోకాలినీ పైకెత్తి చూడాలి.

ఉతకడంలో రెండు జాగ్రత్తలు చాలు. లైనర్‌ను తిరగేసి చల్లటి నీటిలో ఉతికి నీడన ఆరేయాలి, ఎందుకంటే వేడికి సాగే దారం చచ్చిపోతుంది. సువాసన కోసం వాడే ఫ్యాబ్రిక్ కండిషనర్ గుడ్డమీద పొరలా నిలిచి చెమటను పీల్చనీయదు కనుక దాన్ని మానేయాలి.

తారు రోడ్డూ, ముళ్లులేని మట్టిబాటలే మీ దారి అయితే పట్టీల లైక్రా ఒక్కటే సరిపోతుంది. అడవి బాటలే మీ దారి అయి, ప్రస్తుతానికి ఒక్కటే కొనగలిగే స్థోమత ఉంటే మాత్రం, డబ్బంతా మంచి లైనర్ మీద పెట్టి, దానిమీద ఇంట్లో ఉన్న పాత నైలాన్ ఆటల షార్ట్స్ వేసుకుని బయలుదేరండి. గట్టి పైషార్ట్స్ వచ్చే నెల కొనుక్కోవచ్చు.