పంచకాండాలు: ప్రతి పుటలో క్రీస్తును వెతకాలా, ముందు ఇశ్రాయేలీయుల పక్కన కూర్చోవాలా?

జనవరి ఒకటిన ఆదికాండంతో మొదలుపెట్టి బైబిలంతా చదివేస్తామన్నవాళ్ళు ఎక్కడ ఆగిపోతారో మా ఆదివారం క్లాసులో అందరికీ తెలుసు. 1189 అధ్యాయాలు ఏడాదిలో అవ్వాలంటే రోజుకు మూడు, అప్పుడప్పుడు నాలుగు చదవాలి. ఆదికాండం 50, నిర్గమకాండం 40 కలిపి నెలాఖరుకు అయిపోతాయి. ఆ తర్వాత లేవీయకాండం. క్రొవ్వు, మూత్రగ్రంథులు, కాలేజముమీది వప, కుష్ఠుపొడ. ఫిబ్రవరి రెండో వారానికి బైబిలు మళ్ళీ కీర్తనల దగ్గరే తెరుచుకుంటుంది. నేనూ రెండుసార్లు అక్కడే ఆగిపోయినవాణ్ణి.

పంచకాండాల్లో, అంటే మోషే పేరుతో ఉన్న బైబిల్లోని ఈ మొదటి ఐదు పుస్తకాల్లో, ఇలా ఆగిపోయినవాళ్ళకు పెద్దలు చెప్పే మందులు రెండు. ఒకటి, ప్రతి పుటలో క్రీస్తును వెతుకుతూ చదవమనడం. రెండోది, ముందు ఆ మాటల్ని మొదట విన్న ఇశ్రాయేలీయుల పక్కన కూర్చుని వినమనడం.

మొదటిదాన్ని తేలిగ్గా తీసిపారేయలేం, ఎందుకంటే అది యేసు దగ్గరి నుంచే వచ్చింది. తిరిగి లేచాక ఎమ్మాయు ఊరికి వెళ్ళే దారిలో ఆయన ఇద్దరు శిష్యులకు మోషే రాతలతో మొదలుపెట్టి తన గురించిన మాటలన్నీ వివరించాడని లూకా 24లో ఉంది. అరణ్యంలో మోషే ఎత్తిన సర్పాన్ని యోహాను 3:14లో ఆయనే తనకు పోలిక చేసుకున్నాడు. పస్కా గొర్రెపిల్లను పౌలు, ఆదికాండంలోని యాజకుడైన రాజు మెల్కీసెదెకును హెబ్రీ పత్రిక అలాగే చదివారు. ఈ చదువు లేకపోతే పాత నిబంధన క్రైస్తవుడికి పక్కింటివాళ్ళ దస్తావేజులా మిగిలిపోతుంది. రెండో శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు ఏకంగా పాత నిబంధనే మనకు అక్కర్లేదన్నాడు. సంఘం ఒప్పుకోలేదు.

చిక్కల్లా ఎక్కడ ఆగాలో తెలియకపోవడంలో ఉంది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఆరాధనకు కట్టుకున్న ప్రత్యక్ష గుడారం మీద ప్రసంగాలు విన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు. తుమ్మకర్ర అంటే యేసు మానవత్వం, దానికి పొదిగిన బంగారం దైవత్వం, నీల వర్ణం పరలోకం, ధూమ్రం రాజరికం, రక్తవర్ణం సిలువ. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ తుమ్మకర్రే ఎందుకని ఒకసారి అడిగి చూడండి. సీనాయి ఎడారిలో కలప ఇచ్చే చెట్టు అదే కాబట్టి. తుమ్మచెట్టు తెలిసిన పల్లెటూరి మనిషికి ఈ జవాబు వెంటనే అర్థమవుతుంది. ఇంకో సంగతి చూడండి. హెబ్రీ పత్రిక రాసినాయన 9వ అధ్యాయంలో దీపస్తంభం, బల్ల, మందసం, కెరూబులు అన్నీ వరసపెట్టి, వీటి గురించి ఇప్పుడు వివరంగా చెప్పడం కుదరదని ఆగిపోయాడు. ఆయన ఆగిన చోట మనవాళ్ళు ఐదు రాత్రుల మహాసభలు పెడతారు!

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బేం కాదు. అబ్రాహాము 318 మంది పనివాళ్ళతో వెళ్ళి లోతును విడిపించాడని ఆదికాండం 14లో ఉంది. బర్నబా పేరుతో ఉన్న ప్రాచీన పత్రిక ఈ అంకెలో సిలువను చూసింది. గ్రీకులో 300కు గుర్తు సిలువ ఆకారంలో ఉండే తౌ అక్షరం, 18కి గుర్తులు యేసు పేరులోని మొదటి రెండు అక్షరాలు. చమత్కారం బాగానే ఉంది. కానీ ఆదికాండం రాసింది హెబ్రీలో కదా!

ఇక రెండో పద్ధతి. దీనికి ఓపిక కావాలి, మంచి వ్యాఖ్యాన గ్రంథం కావాలి, నాలుగైదు హెబ్రీ మాటలైనా తెలియాలి. ఆదికాండం 2:7లో దేవుడు నేలమంటితో నరుణ్ణి చేశాడని మన తెలుగు బైబిల్లో చదువుతాం. హెబ్రీలో నరుడు ఆదామ్, నేల అదామా. మట్టికీ మనిషికీ ఉన్న చుట్టరికం ఆ శబ్దంలోనే వినిపిస్తుంది, తెలుగులో అది జారిపోయింది. అర్పణకు లేవీయకాండం వాడే మాట కొర్బాన్. మార్కు 7:11లో కొర్బాను అని ఉన్నది అదే. దాని ధాతువుకు దగ్గరికి రావడం అని అర్థం. ఇది తెలిశాక లేవీయకాండం నాకు కసాయి కొట్టు లెక్కలా కనిపించడం మానేసింది.

నిర్గమకాండంలో మనిషిని పొడిచి చంపే ఎద్దు సంగతి కూడా అంతే. క్రీ.పూ. 18వ శతాబ్దపు బబులోను రాజు హమ్మురాబి చట్టంలోనూ ఈ ఎద్దు ఉంది. ఆ చట్టం చెక్కిన శిల ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఎద్దు పొడుస్తుందని తెలిసీ కట్టెయ్యని యజమాని అక్కడ అర మినా (మినా ఆనాటి ఒక తూకం) వెండి చెల్లిస్తే చాలు. నిర్గమకాండం 21లో ఎద్దును రాళ్ళతో కొట్టి చంపాలి, యజమాని ప్రాణం మీదికీ వస్తుంది, విమోచన ధనం ఒప్పుకుంటేనే బతుకుతాడు. రెండూ పక్కపక్కన పెడితే మనిషి ప్రాణానికి మోషే ధర్మశాస్త్రం కట్టిన విలువ తెలుస్తుంది. ఎద్దును సాతానుగా మార్చి చెబితే ఇది కనిపించదు.

దీనికీ ఒక ప్రమాదం ఉంది. చదివి చదివి అది మ్యూజియం చూసొచ్చినట్టు అయిపోవచ్చు. బబులోను గురించి గంటసేపు చెప్పి ప్రార్థన మర్చిపోయే టీచర్లను చూశాను, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

విశ్వవిద్యాలయాల్లో నడిచే మూడో దారి కూడా ఉంది. జర్మన్ పండితుడు వెల్‌హౌసెన్ 19వ శతాబ్దంలో బాగా ప్రచారంలోకి తెచ్చినట్టుగా, ఈ ఐదు పుస్తకాల వెనుక ఏయే మూలాలున్నాయో విడదీసి చూడడం. సెమినరీలో చదివేవాళ్ళకు అది తప్పదు. రోజూ ఉదయం వాక్యం చదువుకునేవాళ్ళు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

నా ఓటు రెండోదానికి, అదీ మొదట చదవడం వరకే. కారణం ఒక పావురం. ప్రసవించిన తల్లి శుద్ధి కోసం గొర్రెపిల్లను తేవాలని, అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ చాలని లేవీయకాండం 12 చెబుతుంది. పాపపరిహారార్థ బలికి ఆ పక్షులు కూడా కొనలేనివాడు కాస్త గోధుమపిండి తేవచ్చని 5వ అధ్యాయంలో ఉంది. ఇది పేదవాళ్ళ కోసం రాసిన రాయితీ. ఇందులో పోలికలు వెతకాల్సిన పని లేదు. ఇప్పుడు లూకా 2:24 తెరవండి. యేసును కన్న మరియ యెరూషలేముకు తెచ్చింది పక్షుల్నే. ఆ ఇంట్లో గొర్రెపిల్లకు డబ్బు లేదని లూకా ఎక్కడా చెప్పడు, లేవీయకాండం చదివినవాడికి చెప్పక్కర్లేదు. పావురం అంటే పరిశుద్ధాత్మ అని ముందే రాసేసుకున్నవాడు ఈ పేద తల్లిని చూడకుండానే పుట తిప్పేస్తాడు.

కాబట్టి మా క్లాసులో ఇప్పుడు రెండు ప్రశ్నలు ఇదే వరసలో అడుగుతున్నాం. ఇది విన్న ఇశ్రాయేలీయుడు మర్నాడు ఏం చేసి ఉంటాడు? కొత్త నిబంధన దీన్ని ఎక్కడైనా పట్టుకుందా? రెండోదానికి జవాబు దొరికితే నిర్భయంగా క్రీస్తు గురించి మాట్లాడుకుంటాం. దొరక్కపోతే ఊహను ఊహ అనే చెప్పుకుంటాం. కొత్తవాళ్ళకైతే వరస చదువు చెప్పడం మానేశాం. నిర్గమకాండం మొదటి 20 అధ్యాయాలు, లేవీయకాండంలో 1 నుంచి 5, ఆపైన 16, 19, 25, తర్వాత ద్వితీయోపదేశకాండం 6 నుంచి 8. అరణ్యంలో సాతానుకు యేసు ఇచ్చిన మూడు జవాబులూ ఆ 6, 8 అధ్యాయాల్లోవే.