గిడుగు వారి సోరా పుస్తకాలు: ఏది ముందు తెరవాలి, ఎక్కడ చిక్కుకుపోతారు

గిడుగు రామమూర్తి పంతులు గారు అనగానే మనకు వాడుకభాష ఉద్యమం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం గుర్తొస్తాయి. వాడుకభాష గొడవ కంటే ముందే మొదలై ఆయన ముసలితనం దాకా సాగిన పని ఇంకొకటుంది, ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష మీద పని. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర నేర్చుకుని, పిల్లలకు తెలుగు లిపిలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపిన మనిషి ఆయన. ఆ పని ఇప్పుడు మన చేతికి ముఖ్యంగా మూడు పుస్తకాలుగా అందుతుంది. 1931లో మద్రాసు నుంచి వచ్చిన సోరా వ్యాకరణం, 1933 నాటి ఇంగ్లీషు–సోరా నిఘంటువు, 1938 నాటి సోరా–ఇంగ్లీషు నిఘంటువు. చివరిదానికి 1986లో ఢిల్లీ నుంచి ఒక పునర్ముద్రణ వచ్చింది. (మనం సవర అంటాం, వాళ్ళు సోరా అంటారు. రెండూ ఒకటే.)

ఈ సమీక్ష ఆ పుస్తకాలను పనిలో పెట్టదలచుకున్నవాళ్ళ కోసం. సీతంపేట, భామిని, కొత్తూరు వైపు బడుల్లో పాఠం చెప్పేవాళ్ళు, పాటలూ కథలూ రికార్డు చేసేవాళ్ళు, భాషాశాస్త్రం విద్యార్థులు. అలమరలో అలంకారంగా పెట్టుకునేవాళ్ళకు ఏ ఎడిషన్ అయినా ఒకటే.

తీర్పు ముందే చెప్పేస్తాం. 1938 నిఘంటువు ఒక్కటే తెచ్చుకుంటే దండగ. 1931 వ్యాకరణం పక్కన లేకుండా అందులో పదం దొరకదు. దొరికినా అదే మీకు కావలసిన పదమో కాదో తేల్చుకోలేరు. డబ్బైనా, ఓపికైనా ఒక పుస్తకానికే ఉంటే వ్యాకరణమే తెచ్చుకోండి.

కారణం భాషలోనే ఉంది. సోరా ద్రావిడ భాష కాదు. సంతాలీ, ముండారీల చుట్టం, ముండా కుటుంబానిది. తెలుగు వాక్యం తెలిసిన బుర్ర ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. వ్యాకరణంలో పంతులుగారిచ్చిన ఒక ఉదాహరణ భాషాశాస్త్ర పుస్తకాల్లో ఇప్పటికీ తిరుగుతోంది. దాన్ని తెలుగు అక్షరాల్లో పెడితే ఇలా ఉంటుంది:

పోపుఙ్‌కున్‌తామ్.

ఒకటే మాట. విప్పితే ఐదు ముక్కలు. పో అంటే పొడుచు, పుఙ్ అంటే కడుపు, కున్ అంటే కత్తి, త్ అంటే జరగబోయేది లేదా జరుగుతున్నది, ఆమ్ అంటే నిన్ను. ‘నిన్ను కడుపులో కత్తితో పొడుస్తాడు’ అని అర్థం. మనకు నాలుగు మాటలు పట్టే సంగతి వాళ్ళకు ఒక్క క్రియలో ఇమిడిపోతుంది. కడుపు, కత్తి రెండూ క్రియ కడుపులోకి వెళ్ళిపోయాయి.

అసలు మెలిక ఇక్కడుంది. కడుపు విడిగా నిలబడితే దాని రూపం ‘పుఙ్’ కాదు, ‘కమ్‌పుఙ్’. దున్నపోతు విడిగా ‘బొఙ్‌తెల్’, క్రియలోకి దూరితే ‘బొఙ్’. ‘జొమ్‌బొఙ్‌తెన్‌జి పా’ అంటే ‘వాళ్ళు దున్నను తింటారా’ అని. జొమ్ తినడం, బొఙ్ దున్న, చివరి ‘జి’ వాళ్ళు, ‘పా’ ప్రశ్న. సోరాలో నామవాచకాలకు చాలావాటికి ఇలా నిండు రూపం ఒకటి, పొట్టి రూపం ఒకటి ఉంటాయి. పొట్టిది క్రియలోనో, సమాసంలోనో తప్ప బయటికి రాదు. పాటలో మీ చెవిన పడేది పొట్టిది. నిఘంటువులో మీరు పట్టుకోవలసింది నిండుది. ఈ రెంటికీ మధ్య వంతెన వ్యాకరణం.

ఇంకో ఉదాహరణ, ఇది కాస్త మనసులో గుచ్చుకుంటుంది: ‘ఞెన్ ఆజ్‌జాదర్‌సిఆమ్’. ఞెన్ నేను, ఆజ్ కాదు, జా పుచ్చుకొను, దర్ వండిన అన్నం, సి చెయ్యి, ఆమ్ నీ. ‘నీ చేతి అన్నం నేను పుచ్చుకోను’. వ్యాకరణ సూత్రం చూపడానికి పెట్టిన వాక్యమే. కానీ కొండమీదా కిందా ఎవరి చేతి కూడు ఎవరు తింటారన్న లెక్క మొత్తం అందులో ఉంది. ఇలాంటి వాక్యాలు గదిలో కూర్చుని అల్లితే రావు. ఆ పుస్తకం విలువ సగం ఈ ఉదాహరణల్లోనే ఉంది.

రికార్డింగులోంచి ఒక క్రియ తీసుకుని అర్థం పట్టుకోవాలంటే పని ఇలా సాగుతుంది. ముందు విన్నది విన్నట్టు రాసుకోండి, దిద్దకండి. తరువాత వెనకనుంచి ఊడదీయండి. చివర ‘ఆమ్’ ఉంటే నువ్వు, ‘జి’ ఉంటే వాళ్ళు. అవి తీశాక ‘త్’ మిగిలితే ఇప్పుడో ఇకముందో, ‘ల్’ మిగిలితే జరిగిపోయింది. ఇప్పుడు ముందువైపు చూడండి. ‘అబ్’ ఉంటే అది ‘చేయించు’ అనే ప్రత్యయం. తినడం కాస్తా తినిపించడం అవుతుంది. పై వాక్యంలో ‘ఆజ్’ లాంటిది ఉంటే కాదనడం. ఈ రెంటిలో ఏది తీయకపోయినా మీరు నిఘంటువులో ‘అ’ దగ్గరే గంటసేపు తిరుగుతారు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే. అన్నీ తీశాక మిగిలిన వాటిలో మొదటిది క్రియ, దాని వెనక ఉన్నవి పొట్టి నామవాచకాలు. క్రియను నిఘంటువులో చూడండి. పొట్టి రూపాల సంగతి ముందు వ్యాకరణంలో తేల్చుకుని నిఘంటువుకు రండి.

విడి నామవాచకాల చివర ‘అన్’ అనే తోక వినబడుతుంది. అది పదంలో భాగం కాదు. తెలుగులో పదం చివరి ‘ము’, ‘డు’లను చూసే అలవాటుతో దాన్ని కూడా పదంలోనే కలిపేసి రాసుకుంటే, తరువాత పొట్టి రూపంతో పోల్చేటప్పుడు లెక్క తప్పుతుంది. మాటల మధ్యలోకి ‘న్’ దూరి క్రియను నామవాచకం చేసే పద్ధతి కూడా ఉంది. దానిమీద వ్యాకరణంలోని భాగాన్ని రెండుసార్లు చదవండి.

లిపి సంగతికి వద్దాం. ఈ పుస్తకాల్లో సోరా మాటలు అంతర్జాతీయ ధ్వని లిపి పద్ధతిలో రోమన్ అక్షరాల్లో ఉన్నాయి. వ్యాకరణం పేరులోనే ‘సోరా’ను ప్రతి అచ్చు తరువాత రెండు చుక్కలు పెట్టి అచ్చువేశారు. ఆ చుక్కలు దీర్ఘానికి గుర్తు, విరామచిహ్నం కాదు. ఎన్ అక్షరానికి తోక తగిలిస్తే మన ‘ఙ’. తలకిందులైన ఇంగ్లీషు ‘e’ అక్షరం తెలుగులో లేని ఒక పొట్టి అచ్చు, ‘అ’కీ ‘ఎ’కీ మధ్య నలిగినట్టు ఉంటుంది. పైన ‘కమ్‌పుఙ్’ అని రాసినదానిలో మొదటి అచ్చు నిజానికి అదే. గొంతు చటుక్కున మూసుకుని తెరుచుకునే ధ్వని ఉంది, దానికీ మనకు అక్షరం లేదు. పదం చివరి బ్, డ్, జ్‌లు కూడా అలా గొంతులో పట్టేసినట్టే పలుకుతాయి, పూర్తిగా బయటికి విడవరు.

స్కాన్ కాపీ దించుకునేవాళ్ళకు హెచ్చరిక ఇక్కడే. తక్కువ రిజల్యూషన్ స్కాన్‌లో ముందుగా మాయమయ్యేవి ఈ రెండు చుక్కలూ, ఎన్ తోకా. అవి పోతే పదమే మారిపోతుంది. దించుకునే ముందు మధ్యలోంచి ఒక పేజీ తెరిచి, పెద్దది చేసి, చుక్కలు విడివిడిగా కనబడుతున్నాయో లేదో చూడండి. పునర్ముద్రణ కొనేవాళ్ళు కూడా అంతే, లోపలి పేజీ ఫొటో అడగండి. ఇక స్కాన్‌లో పదం కొట్టి వెతుకుదామనుకుంటే ఆశ వదులుకోండి. అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్ తోకున్న ఎన్‌ను మామూలు ఎన్‌గా, తలకిందులైన ‘e’ని ఏదో ఒక అచ్చుగా చదివేస్తుంది. పేజీలు తిప్పుకోవడమే దారి. అక్షరానికొక బుక్‌మార్క్ పెట్టుకుంటే ఒక పూట పని, తరువాత ఎంతో సమయం మిగులుతుంది.

ఒక పక్కమాట. మలేరియాకు వాడిన క్వినైన్‌తో పంతులుగారి వినికిడి పోయింది. గొంతు బిగింపును బట్టి అర్థం మారే భాష మీద ఆయన చేసిన పనిలో పెద్దభాగం ఆ తరువాతిదే. కొడుకు గిడుగు సీతాపతి గారు కూడా సవర మీద పనిచేసినవారే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్ళడంతో రామమూర్తి గారు ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1938 నిఘంటువు ఆ రాజమండ్రి రోజుల్లో అచ్చయింది. కొండలకు అంత దూరంలో, ఆ వయసులో.

పుస్తకంలో పెద్ద లోటు ఏమిటంటే, తెలుగు అర్థాలు లేవు. సోరా మాట రోమన్‌లో, అర్థం ఇంగ్లీషులో. సవర పిల్లలకు తెలుగు లిపిలో వాచకం రాసిన మనిషి నిఘంటువును సీతంపేట మేష్టారు సుళువుగా వాడలేకపోవడం చిత్రమే. ఆనాటి ప్రభుత్వ ముద్రణ, పండితుల అవసరం అలా నడిపించి ఉండవచ్చు. ఆ లోటు పూడ్చే తెలుగు లిపి సంపుటం ఎవరైనా తయారుచేస్తే ఈ మూడింటికంటే ఎక్కువ చేతుల్లో నలుగుతుంది.

అంతవరకూ మీరే తెలుగులోకి ఎక్కించుకోవాలి. ఇక్కడొక సంతోషం. మన అక్షరమాలలో ఊరికే కూర్చున్న ఙ, ఞ సోరాలో రోజంతా పనిచేస్తాయి. ఒక తంటా కూడా ఉంది. ‘పుఙ్’ తరువాత ‘కున్’ టైపు చేస్తే కంప్యూటర్ ఆ రెంటినీ కలిపి వత్తు చేసేస్తుంది, ముక్కలు కనబడవు. పొల్లు తరువాత కనబడని విడదీత గుర్తు, యూనికోడ్‌లో 200సి, పెట్టాలి. అది ఒకరు పెట్టి ఇంకొకరు పెట్టకపోతే ఒకే పదం వెతుకులాటలో రెండు పదాలవుతుంది. కాబట్టి పదాల పట్టికలో ఒక గడిలో ముక్కల మధ్య అడ్డగీత పెట్టి, పక్క గడిలో కలిపి రాయండి. లేని అచ్చుకు, గొంతు ధ్వనికి ఏ గుర్తు వాడతారో పట్టిక పైనే రాసి పెట్టుకోండి. మధ్యలో మార్చొద్దు.

సోరాకు సొంత లిపి కూడా ఉంది. సోరాంగ్ సోంపెంగ్, 1936లో మంగేయి గొమాంగో రూపొందించినది. నిఘంటువుకు రెండేళ్ళు ముందే పుట్టినా ఇందులో చోటు లేదు. 2012లో యూనికోడ్ 6.1లో చేరింది, నోటో ఫాంటు ఉచితం. క్రైస్తవ సోరాల్లో రోమన్ వాడుక, ఆంధ్రవైపు బడుల్లో తెలుగు, అటువైపు ఒడియా. 2011 జనగణనలో సుమారు 4 లక్షల మంది మాట్లాడే భాషకు నాలుగు లిపులు. మీ సేకరణ ఏ ఊళ్ళో చదువుతారో తేల్చుకున్నాకే లిపి తేల్చుకోండి.

చనిపోయినవాళ్ళతో మాట్లాడించే పూజల పాటలు సేకరించేవాళ్ళకు ఒక మాట. వాటిలో ఒకే సంగతి జంట పంక్తులుగా నడుస్తుంది, రెండో పంక్తిలో మొదటిదానికి సమానమైన మాట వస్తుంది. నిఘంటువులో ఒకటి దొరక్కపోతే జంటలోని రెండోది పట్టుకోండి, అర్థం చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

1933 ఇంగ్లీషు–సోరా నిఘంటువు చివరన కొనండి. ఇంగ్లీషు మాటకు సోరా మాట ఇస్తుంది కానీ అందులో దొరికినదాన్ని తిరిగి 1938లో చూడకుండా పాఠంలో పెట్టకండి. ఉచ్చారణ చెవికి వినాలంటే నెట్‌లో సోరా టాకింగ్ డిక్షనరీ ఉంది, మాట నొక్కితే మనిషి గొంతు పలుకుతుంది. గొంతు బిగింపు ఎలా ఉంటుందో ముద్రిత పేజీ చెప్పలేనిది అక్కడ తెలుస్తుంది.

ఇవన్నీ 1930ల మాటలు. పట్టికలో మూడో గడి ఖాళీగా వదిలి, మీ ఊరి సవర పెద్దావిడ ఎవరినైనా ఆ మాట అడిగి, ఇప్పుడు అంటారా, వేరేలా అంటారా, అసలు ఎరుగుదురా అని రాసుకోండి. ఎరుగరు అన్నవి కొట్టేయకండి, పక్కన పెట్టండి. పక్క కొండ మీద ఎవరైనా అంటుండవచ్చు.